సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొంటున్నారా? వేడి మీద ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి చూడండి

విజయనగరం, శ్రీకాకుళం వైపు పాత డీజిల్ కారు కోసం తిరుగుతున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్సు ఇవ్వండి. పొద్దున్నే హాఫ్ సెల్ఫ్‌కే ఇంజిన్ అందుకుందని మురిసిపోవద్దు. చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా స్టార్టయ్యి, టీ తాగి వచ్చేసరికి నడిరోడ్డు మీద మొండికేసే బళ్లున్నాయి. అలాంటిదే ఒకటి నాకు అంటగట్టారు.

అమ్మినాయనది విజయనగరంలో పాత కార్ల వ్యాపారం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్, టైర్లు కొత్తవి అంటూ మామూలు పాటే పాడాడు. ముందే వేడి చేసి పెట్టారేమో బానెట్ మీద చెయ్యి పెట్టి చూడమని అందరూ చెబుతారు కదా, అదీ చూశాను. చల్లగానే ఉంది, తాళం తిప్పగానే స్టార్టయింది. ట్రయల్‌కి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా వెళ్లొచ్చాం. పక్కన కూర్చున్న వాళ్ల కుర్రాడు దారిలో ఎక్కడా ఇంజిన్ ఆపనివ్వలేదు. ఆపబోతే "ఏసీ ఎలా ఉందో చూడండి సార్, ఆపకండి" అన్నాడు.

ఆదివారం అమ్మానాన్నలతో అరసవల్లి బయలుదేరాం. నాతవలస దగ్గర హైవే ఎక్కి, రణస్థలంలో టీకి ఆగాం. మళ్లీ తాళం తిప్పితే సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవడం లేదు. ఎండ మాడుస్తోంది, నాన్నకి బీపీ, నాకు టెన్షన్. వ్యాపారికి ఫోన్ చేస్తే "బ్యాటరీ వీకై ఉంటుంది, మార్చేయండి" అన్నాడు. సెల్ఫ్ అంత జోరుగా తిరుగుతుంటే బ్యాటరీని అనుమానించడం ఏమిటి?

పక్కనున్న మెకానిక్ ఒకాయన వచ్చి, కాసేపు ఆ చప్పుడు విని, గోనెసంచి ముక్క తడిపి హైప్రెషర్ పంపు మీద కప్పాడు. "సల్లారితే అదే స్టార్టవుతాది బాబూ, దీనికున్న పాత రోగమిది" అన్నాడు. కాసేపటికి నిజంగానే అందుకుంది. ఆయన డిక్కీ కూడా తెరిచి చూపించాడు. స్టెప్నీ పక్కన రెండు లీటర్ల నీళ్ల సీసా, డీజిల్ మరకలతో గట్టిపడిపోయిన పాత తువ్వాలు. అంటే నా ముందున్నవాళ్లూ ఇదే వైద్యం చేసుకుంటూ తిరిగారన్నమాట. గ్లవ్ బాక్సులో దొరికిన సర్వీసు బిల్లు మీద పాత ఓనర్ నంబరుంటే ఫోన్ చేశాను. దాపరికం లేకుండా చెప్పాడాయన: "అందుకే కదండీ తక్కువకి ఇచ్చేశాను, ఆ సంగతి ఆయనకి చెప్పే ఇచ్చాను."

జరుగుతున్నది ఇదీ. కామన్ రైల్ డీజిల్ ఇంజిన్‌లో, అంటే హైప్రెషర్ పంపు నుంచి వచ్చే డీజిల్ 'రైల్' అనే ఒకే గొట్టం ద్వారా ఇంజెక్టర్లన్నింటికీ అందే ఇంజిన్‌లో, సెల్ఫ్ తిరిగేటప్పుడు రైల్‌లో ప్రెషర్ ఒక స్థాయికి చేరాలి. చాలా బళ్లలో అది 200 బార్ అటూ ఇటూ. అది రాకపోతే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లను తెరవనే తెరవదు. ఇంజెక్టర్లు అరిగితే డీజిల్ లోపలి సందుల్లోంచి రిటర్న్ పైపులోకి కారిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు డీజిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి కారేది తక్కువ, ప్రెషర్ నిలుస్తుంది. వేడెక్కితే పలచబడి జారిపోతుంది. ఒకసారి స్టార్టయితే మాత్రం హాయిగా నడుస్తుంది, ఎందుకంటే సెల్ఫ్ మీద ఇంజిన్ నిమిషానికి ఏ రెండు మూడు వందల చుట్లో తిరుగుతుంది, ఐడ్లింగ్‌లో అయితే 800 దాకా తిరిగి పంపు ఆ నష్టాన్ని పూడ్చేస్తుంది. తోస్తే స్టార్టయ్యేదీ అందుకే. ఇంజిన్ ఆపాక కూలెంట్ తిరగడం ఆగి, బానెట్ కింద వేడి ఇంకాస్త పెరుగుతుంది. అందుకే వెంటనే తాళం తిప్పితే అందుకున్న బండి కూడా పావుగంట తర్వాత మొరాయిస్తుంది.

తర్వాత శ్రీకాకుళంలో డీజిల్ పంపు షాపులో లీక్ టెస్ట్ చేయించాను. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్‌కి ఒక్కో చిన్న సీసా తగిలించి ఇంజిన్ నడిపితే, మూడింటిలో అడుగున కాస్త చేరేలోపు నాలుగో సీసా నిండిపోయింది. ఈసీయూని చదివే స్కానర్‌లో చూస్తే వేడి మీద సెల్ఫ్ కొడుతున్నప్పుడు రైల్ ప్రెషర్ అవసరమైన దానిలో సగం దగ్గరే ఆగిపోతోంది. ఇక వేరే సాక్ష్యం ఎందుకు? కొత్త ఇంజెక్టరైతే ఒక్కోటి పదివేలు దాటుతుంది, అదీ ఒక్కటి మారిస్తే మిగతావి ఎన్నాళ్లుంటాయో చెప్పలేం.

వేడి మీద స్టార్టవని ప్రతి బండికీ ఇంజెక్టర్లే కారణం అనుకోకండి. సెల్ఫే సరిగ్గా తిరగకుండా టక్కుమని ఆగితే సెల్ఫ్ మోటారు, దానికి కరెంటు కలిపే సాలినాయిడ్, ఎర్త్ వైరు చూడాలి. సెల్ఫ్ తిరుగుతున్నా ఆర్పీఎం ముల్లు అసలు కదలకపోతే ముందు ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకి చెప్పే క్రాంక్ సెన్సర్‌ని అనుమానించండి. వేడికి లోపలి చుట్ట తెగినట్టై సిగ్నల్ ఆగిపోతుంది, స్కానర్‌లో పీ0335 అనే లోపం కోడ్ పడొచ్చు. పెట్రోలు కారులో టెంపరేచర్ సెన్సర్ తప్పు చెప్పినా పెట్రోలు ఎక్కువై ముంచేస్తుంది. అప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే చాలా ఇంజెక్షన్ బళ్లు అందుకుంటాయి. పరీక్ష చేయకుండా "ముందు ఇది మార్చి చూద్దాం" అనేవాడి దగ్గర మాత్రం బండి పెట్టకండి, ఖర్చంతా మనదే.

కాబట్టి ట్రయల్ కనీసం అరగంట అడగండి. హైవే ఎక్కి, టెంపరేచర్ ముల్లు మధ్యకొచ్చాక ఇంజిన్ ఆపేసి, పావుగంట కబుర్లు చెప్పి, మళ్లీ తాళం తిప్పండి. అమ్మేవాడు నస పెడితే అక్కడే నమస్కారం పెట్టి వచ్చేయండి. స్కానర్ ఉన్న మెకానిక్‌ని తీసుకెళ్తే "కోడ్లు చెరిపాక తిరిగిన కిలోమీటర్లు" కూడా చూడమనండి. నిన్నో మొన్నో చెరిపినట్టు కనిపిస్తే ఎందుకు చెరిపారో అడగాల్సిందే.

2023 ఏప్రిల్ 1 నుంచి పాత బళ్ల వ్యాపారులకు ఆర్టీవో ఆథరైజేషన్ ఉండాలి, ఆ కాగితం చూపించమని అడగండి. నేను వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు పెట్టాను. 5 లక్షల లోపు కొనుగోలైతే ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెయ్యాలి. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా దారి చెబుతారు. వ్యాపారి పెట్టిన ప్రకటన స్క్రీన్‌షాట్, వాట్సాప్ మాటలు, లీక్ టెస్ట్ బిల్లు దాచుకోండి. ఈ వ్యాపారి దగ్గరే కొని ఇలాగే ఇరుక్కున్నవాళ్లుంటే నాకు మెసేజ్ పెట్టండి, ఫిర్యాదుకి మీ బిల్లులూ పనికొస్తాయి.