ఠాణాలో కొట్టారు: ముందు కమిషన్‌కా, హైకోర్టుకా?

భూపాలపల్లి వైపు ఒక పిల్లాడిని దొంగతనం అనుమానంతో స్టేషన్‌కు తీసుకెళ్లి, రెండు రోజులు కొట్టి వదిలేశారనుకుందాం. కేసు లేదు, కాగితం లేదు. ఇంట్లోవాళ్లు హన్మకొండకొచ్చి అడిగితే ఒకరు "హ్యూమన్ రైట్స్‌లో వెయ్యి" అంటారు, ఒకరు "హైకోర్టులో రిట్ వెయ్యి" అంటారు. ఒకటి మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు, ఇంకోటి హక్కులకు భంగం కలిగిందని నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్. రెండూ సరైన సలహాలే. కానీ ఏది ముందు వేశారన్న దాన్నిబట్టి రెండోది మిగలొచ్చు, మిగలకపోనూవచ్చు.

పిల్లాడు ఇంకా లోపలే ఉంటే మాత్రం ఆలోచించే పని లేదు. అరెస్టు చేసినవాళ్లను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకు తేవాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. తేకపోతే అదే రోజు హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషన్, వేయాలి. కమిషన్ నోటీసులు పంపేదాకా ఆగకూడదు.

బయటికొచ్చాక లెక్క వేరు. రెండు చోట్లా వాడేది అవే హక్కులు. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం జీవితం, స్వేచ్ఛ, సమానత్వం, గౌరవాలకు రాజ్యాంగం ఇచ్చిన హామీల మీదే కమిషన్‌ను నిలబెట్టింది. తేడా చివర్లో వస్తుంది: హైకోర్టు ఆదేశిస్తుంది, కమిషన్ సిఫారసు చేస్తుంది. అందుకే చాలామంది వకీళ్లు కమిషన్‌ను తీసిపారేస్తారు. నాకది తొందరపాటనిపిస్తుంది. రిట్ వేయగానే పోలీసులు "మేం అసలు తీసుకురానేలేదు" అని కౌంటర్ వేస్తారు. జరిగిందా లేదా అన్న దగ్గరే గొడవ ఉంటే రిట్‌లో హైకోర్టు మామూలుగా సాక్షులను విని తేల్చదు. కమిషన్‌కు సివిల్ కోర్టు అధికారాలున్నాయి, సొంత దర్యాప్తు విభాగం ఉంది. స్టేషన్ డైరీ తెప్పించుకోగలదు, అధికారులను పిలిపించి ప్రమాణం మీద అడగగలదు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, తెలుగులో రాసివ్వొచ్చు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చూపించుకున్న చీటీ జతచేస్తే మరీ మంచిది.

అయితే ఘటన జరిగిన ఏడాదిలోపే ఫిర్యాదు చేయాలి. కోర్టులో నడుస్తున్న విషయాన్ని కమిషన్ ముట్టుకోదు. రాష్ట్ర కమిషన్ దగ్గరో, ఎస్సీ, ఎస్టీ కమిషన్ల దగ్గరో పెండింగ్‌లో ఉన్నదాన్ని జాతీయ కమిషన్ తీసుకోదు. ఒకే అర్జీని అన్ని కమిషన్లకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపే అలవాటు మన దగ్గర ఎక్కువ. ఒకరి పేరు చెప్పి ఇంకొకరు ఫైలు మూసేయడానికి అదే సాకవుతుంది. రాష్ట్ర కమిషన్ హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి హాజరవడం తేలిక. కానీ 2022 డిసెంబర్ నుంచి 2025 దాకా, రెండేళ్లకు పైగా, దానికి చైర్మనే లేకుండా పోయారు. అలాంటప్పుడు ఢిల్లీలోని జాతీయ కమిషన్‌కు రాయడమే దారి.

ఎన్‌కౌంటర్ల రోజులు చూసిన ఉత్తర తెలంగాణకు ఈ కమిషన్ కొత్తదేం కాదు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఎన్‌కౌంటర్ల మీద పౌరహక్కుల సంఘం ఫిర్యాదు చేస్తే జాతీయ కమిషన్ విచారించింది. 1997 మార్చిలో చైర్మన్ జస్టిస్ వెంకటాచలయ్య ముఖ్యమంత్రులందరికీ లేఖ రాశారు: ఎన్‌కౌంటర్‌లో పాల్గొన్నది ఆ స్టేషన్ పోలీసులే అయితే దర్యాప్తు సీఐడీ లాంటి వేరే సంస్థకు ఇవ్వాలని. అది మార్గదర్శకమే, చట్టం కాదు. 2014లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 16 సూచనలిచ్చి, వాటిని చట్టంలా పాటించాలన్నాక గానీ దానికి బలం రాలేదు. మధ్యలో 17 ఏళ్లు. అయినా ఆ విచారణ కమిషన్ దగ్గర జరగకపోతే కోర్టు చేతికి అంత సరుకు దొరికేది కాదేమో.

కులం పేరుతో తిట్టి కొట్టి ఉంటే, మొదటి పని 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద ఎఫ్‌ఐఆర్. ప్రాథమిక విచారణ పేరుతో దాన్ని ఆపకూడదని 2018 సవరణ చెబుతోంది. పరిహారం కూడా ఈ దారిలో దశలవారీగా వస్తుంది. ఎస్సీ, ఎస్టీ కమిషన్లు రాజ్యాంగ సంస్థలే అయినా స్టే ఇవ్వలేవని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. భూమి మీదో ఉద్యోగం మీదో స్టే కావాలంటే కోర్టుకే పోవాలి.

కాబట్టి వదిలేసిన కేసులో నా ఓటు ముందు కమిషన్‌కే. సిఫారసు వచ్చాక ప్రభుత్వం మామూలుగా నెలలోపు ఏం చేసిందో చెప్పాలి. చెప్పకపోతే ఆ విచారణ రిపోర్టు, సిఫారసు కాపీ పెట్టి రిట్ వేయండి. వకీలుకు డబ్బుల్లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. ఎస్సీ, ఎస్టీలకూ ఆడవాళ్లకూ అక్కడ ఆదాయంతో పని లేదు.