మాస్సీ 1035, మహీంద్రా 575, స్వరాజ్ 735: పాత ట్రాక్టర్ కొంటే ఏది మేలు?

మా బామ్మర్దికి నర్సంపేట దగ్గర ఆరెకరాలు. మూడెకరాలు చెరువు కింద వరి పండే తరి, మిగిలిన మూడు పత్తి, మక్క వేసే మెట్ట చెల్క. యాసంగి వడ్లు అమ్మిన పైసలతో పాత ట్రాక్టర్ కొంటానని పట్టుబట్టాడు. కొత్తదంటే కిస్తీల టెన్షన్. నెల రోజులు ఇద్దరం ఊర్లు తిరిగితే చివరికి మూడు బండ్లు మిగిలాయి. మూడూ ఏపీ 36 నెంబర్లవే. అంటే రాష్ట్రం విడిపోకముందు వరంగల్‌లో రిజిస్టరైనవి.

నా పక్షపాతం ముందే చెప్పేస్తా. మా ఇంట్లో బాపు నడిపింది మాస్సీ, నేను స్టీరింగ్ పట్టింది దాని మీదే. మాస్సీ ఫెర్గూసన్ 1035 అంటే 36 హెచ్‌పీ, మూడు సిలిండర్లు, 2,400 సీసీ, బరువు దాదాపు 1,700 కిలోలు. చెల్కలో కల్టివేటర్ కొట్టాలన్నా, పత్తి ట్రాలీ కట్టుకుని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోవాలన్నా డీజిల్ దగ్గర ఇంత పొదుపైన బండి నాకు దొరకలేదు. రిపేరు తెలిసిన మేస్త్రీ ప్రతి మండలంలో ఉంటాడు, సామాను కూడా దొరుకుతుంది.

దాని చిక్కంతా వెనక పనిముట్లను లేపే హైడ్రాలిక్ పంపుతోనే. పాత ఫెర్గూసన్ పద్ధతిలో ఆ పంపు వెనక హౌసింగ్ లోపల ఆయిల్‌లో మునిగి ఉంటుంది, రోటవేటర్ లాంటివి తిప్పే పీటీవో షాఫ్టుతో తిరుగుతుంది. గేర్లకూ లిఫ్టుకూ అదే ఆయిల్. కేజ్ వీల్స్ (ఇనుప చక్రాలు) వేసి కరిగెట్లలో, అంటే నాట్ల ముందు బురద మళ్లలో తిప్పినప్పుడు సీళ్లు అరిగి బురద నీళ్లు లోపలికి పోయాయంటే ముందు దెబ్బ తినేది ఆ పంపే. దాన్ని బయటికి తీయాలంటే లిఫ్ట్ కవర్ లేపాల్సిందే. మేము చూసిన మాస్సీకి పెయింట్ కొత్తగా తళతళలాడుతోంది. డిప్ స్టిక్ తీస్తే ఆయిల్ చాయ్ రంగులో ఉంది, అంటే నీళ్లు కలిసినట్టే. అమ్మేటాయన మాత్రం "నాట్లకు అసలు వాడలేదు" అని ఒట్టు పెట్టాడు.

మహీంద్రా 575 సంగతి వేరు. 45 హెచ్‌పీ, నాలుగు సిలిండర్లు, 2,730 సీసీ. రేగడిలో రోటవేటర్ వేసి పొద్దంతా తిప్పినా ఉక్కిరిబిక్కిరి కాదు. అదే పని 36 హెచ్‌పీ బండికి పెడితే గేరు తగ్గించుకుంటూ పోవాలి. ఊర్లో కిరాయికి తిప్పి సంపాదించాలనుకునేవాడికి నేను 575నే చెప్తా. కానీ కిరాయికి పనికొస్తుంది కాబట్టే అమ్మకానికి వచ్చే 575లు ఎక్కువగా కిరాయిల్లో నలిగినవే ఉంటాయి. డ్రైవర్లు మారుతుంటారు, ఆయిల్ ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తుండదు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూశాం. కుక్కర్ విజిల్ తీసినట్టు పొగ కొట్టింది. పిస్టన్ రింగులు, పిస్టన్ ఆడే లైనర్లు అరిగిపోయాయన్నమాట. బోర్ పని చేయించాలంటే ఇక్కడ నాలుగు లైనర్లు, నాలుగు పిస్టన్లు, నాలుగు నాజిళ్లు. మూడు సిలిండర్ల బండితో పోలిస్తే బిల్లు ఎక్కడ తేడా వస్తుందో లెక్క వేసుకోండి.

స్వరాజ్ 735 ఎఫ్‌ఈ మా వైపు అంత మోజున్న బండి కాదు. పంజాబ్ ట్రాక్టర్స్ వాళ్లు 1974లో స్వరాజ్ 724 మోడల్‌తో మొదలుపెట్టారు. 2007లో కంపెనీ మహీంద్రా చేతికి వచ్చింది. ఈ 735కు 2,734 సీసీ, దాదాపు 575 అంతే. కానీ మూడే సిలిండర్లు, 1,800 ఆర్‌పీఎం. ఇంజిన్ తాపీగా లాగుతుంది, చప్పుడు కొంచెం మొరటు. సీటు సుఖం గురించి అడగకండి.

హెచ్‌ఎంటీ గురించి కూడా ఒకాయన గట్టిగా చెప్పాడు. ఇనుము గట్టిదే. కానీ 2016లో ప్రభుత్వం ఆ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ మూసేయాలని తేల్చేసింది. ఒక గేర్ కోసం తుక్కు దుకాణాల చుట్టూ తిరిగే ఓపిక ఉంటేనే అది.

చూడటానికి పోయేటప్పుడు పొద్దున్నే పోండి, ముందుగా ఫోన్ చేయకండి. ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూశాకే స్టార్ట్ చేయమనండి. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టు. నల్ల పొగైతే అంత భయం లేదు, నాజిల్ పనో ఎయిర్ ఫిల్టర్ పనో అయి ఉంటుంది. రోటవేటర్ పైకి లేపి ఇంజిన్ ఆపి చాయ్ తాగి రండి. ఆలోపు అది కిందికి జారితే లిఫ్ట్ పని ఉన్నట్టే. దిగుడులో రెండో గేర్‌లో యాక్సిలరేటర్ వదిలితే గేర్ ఎగిరిపడిందా, ఆ బండి జోలికి పోవద్దు.

అన్నిటికంటే నేను ఎక్కువసేపు చూసేది ఎయిర్ క్లీనర్. పాత బండ్లకు కింద ఆయిల్ గిన్నె ఉంటుంది. గాలి ఆ ఆయిల్ మీదుగా పోతే దుమ్ము అందులో ఆగిపోతుంది. ఎండాకాలం చెల్క దున్నేటప్పుడు రెండు మూడు రోజులకే అడుగున మట్టి పేరుకుంటుంది. గిన్నె శుభ్రంగా ఉన్నా, అక్కడి నుంచి ఇంజిన్‌కు పోయే రబ్బరు హోస్ పగిలి ఉంటే ఫిల్టర్ ఉన్నా లేనట్టే, దుమ్ము నేరుగా లైనర్లలోకి పోతుంది. మా మాస్సీకి బోర్ చేయించిన రెండో ఏడాదే మళ్లీ పొగ వచ్చింది. తప్పు మేస్త్రీదని బాపు ఆయనతో తగువు పడ్డాడు. తీరా చూస్తే హోస్ అడుగున వేలంత పగులు. ఆ తగువు తెగడానికి మాత్రం ఇంకో ఏడాది పట్టింది.

కాయితాలు కూడా చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎన్‌ఓసీ చేతికి రానిదే బయానా ఇవ్వొద్దు.

చెల్క సాగు, ట్రాలీ పని ఎక్కువుంటే మాస్సీ. రేగడిలో రోటవేటర్ కిరాయికైతే 575. మా బామ్మర్దిలా అదింత ఇదింత ఉన్నవాడికి కూడా, మంచిది దొరికితే, నేను మాస్సీయే అనేవాణ్ని. కానీ మా ముందున్న మాస్సీ ఆయిల్ చాయ్ రంగులో ఉంది. స్వరాజ్ ఓనర్ ముసలాయన, బండిని వేరేవాళ్లకు ఇచ్చే రకం కాదు. ఫెండర్ లోపలివైపు ఆయిల్ మార్చిన తేదీలు సుద్దముక్కతో వరసగా రాసుకున్నాడు. మా బామ్మర్ది అవి చదివి, "బావా, ఇదే తీసుకుందాం" అన్నాడు. నాకు బదులు దొరకలేదు. తోలుకొచ్చిన రోజే ఇంజిన్ ఆయిల్, రెండు డీజిల్ ఫిల్టర్లు, రబ్బరు హోస్ మార్పించి, ఆ వరస కింద తన తేదీ కూడా రాశాడు.