ఫిట్స్‌కి ఈఈజీనా, ఎమ్మారైనా?

ఫిట్స్ వచ్చిన మనిషికి డాక్టరు రెండు పరీక్షలూ రాస్తే, ఒకటి చాలదా అని అడుగుతాం. చాలాసార్లు చాలదు. ఫిట్స్ ఏ రకమో తేల్చడానికి ఈఈజీ మేలు. ఎందుకు వచ్చాయో వెతకాలంటే ఎమ్మారై.

ఈఈజీ చూసేది మెదడులోని విద్యుత్తును. మనిషికి మొదటిసారి 1924లో జర్మన్ డాక్టరు హాన్స్ బెర్గర్ తీశాడు. తల మీద ఎలక్ట్రోడ్లు అంటించి సుమారు అరగంట రికార్డు చేస్తారు. ఆ కాసేపు మెదడు బుద్ధిగా ఉంటే రిపోర్టు నార్మల్ అనే వస్తుంది. అంతమాత్రాన మూర్ఛ లేదనుకోకూడదు! నిద్ర తగ్గితే తేడా బయటపడే అవకాశం ఎక్కువ, అందుకే ఒక్కోసారి ముందురాత్రి నిద్ర తగ్గించి రమ్మంటారు.

ఎమ్మారైలో మెదడు ఆకారం కనిపిస్తుంది: గడ్డ, పాత దెబ్బ మచ్చ, మన దేశంలో తరచూ దొరికే బద్దెపురుగు తిత్తి. ఖర్చు ఎక్కువ, చప్పుడూ ఎక్కువే. రేడియేషన్ ఉండదు కాబట్టి ఆ టెన్షన్ వద్దు. అయస్కాంతంతో తీసే స్కాన్ కాబట్టి, గుండెకు పేస్‌మేకర్ ఉంటే మాత్రం ముందే చెప్పాలి.