బూట్ డిస్కులకు రెయిడ్: కార్డుతోనా, లినక్స్‌తోనా?

ఒక డిస్క్ పోయినా సర్వర్ మళ్లీ బూట్ కావాలంటే రెండు డిస్కులను రెయిడ్ 1లో, అంటే ఒకే డేటా రెండింట్లోనూ ఉండేలా, పెడతాం. ఆ పని హార్డ్‌వేర్ రెయిడ్ కార్డుకు అప్పగించవచ్చు, లేదా లినక్స్‌లోని ఎమ్‌డీఆడ్మ్ (mdadm) అనే సాఫ్ట్‌వేర్ టూల్‌తో చేసుకోవచ్చు.

బూట్ వరకే చూస్తే కార్డు చాలా సులువు. దాని సెటప్ మెనూలో రెండు డిస్కులతో ఒక వర్చువల్ డిస్క్ చేసి, దాన్నే బూట్ డిస్క్‌గా ఎంచుకుంటే సరిపోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒకే డిస్క్ కనిపిస్తుంది.

ఎమ్‌డీఆడ్మ్‌తో అసలు తిప్పలు బూట్ దగ్గరే. మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్‌కు లినక్స్ రెయిడ్ అర్థం కాదు, దానికి బూట్ ఫైళ్లతో, ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్ కావాలి. అందుకని రెండు డిస్కుల్లోనూ ఆ పార్టిషన్ పెట్టి, రెండింట్లోనూ లినక్స్‌ను లోడ్ చేసే గ్రబ్ ఎక్కించి, రెండు బూట్ ఎంట్రీలు చేర్చాలి. కొందరు మెటాడేటా 1.0 అనే ఎమ్‌డీఆడ్మ్ ఫార్మాట్ వాడి ఆ పార్టిషన్‌నూ రెయిడ్ 1తో మిర్రర్ చేస్తారు. అందులో రెయిడ్ సమాచారం పార్టిషన్ చివర్లో ఉంటుంది కాబట్టి ఫర్మ్‌వేర్ దాన్ని మామూలు ఫ్యాట్‌లాగే చదువుతుంది. కానీ ఫర్మ్‌వేర్ ఒక కాపీలో ఏదైనా రాస్తే రెండు కాపీలకూ తేడా వస్తుంది. నాకైతే విడి పార్టిషన్లే నయం.

ఇంత శ్రమ ఉన్నా చిన్న ఆఫీసులకు నేను ఎమ్‌డీఆడ్మ్‌నే చెబుతాను. కార్డే చెడిపోతే టెన్షన్ మొదలవుతుంది: డిస్కులు బాగానే ఉన్నా, వాటిని చదవడానికి సాధారణంగా అదే కుటుంబానికి చెందిన కార్డు వెతకాలి. ఎమ్‌డీఆడ్మ్ డిస్కులను మరో లినక్స్ మెషీన్‌కు తగిలించి డేటా తీసుకోవచ్చు. డేటాబేస్‌లో రాతలు బాగా ఎక్కువైతే మాత్రం కరెంటు పోయినా రాతలు పోకుండా కాపాడే బ్యాటరీతో క్యాష్ (తాత్కాలిక మెమరీ) ఉన్న కార్డు కొనడం న్యాయమే.

డేటా ఎక్కించకముందే, ఒక్కో డిస్క్ తీసి బూట్ అవుతుందో లేదో చూడండి. మొదటి డిస్క్ మళ్లీ పెట్టాక సింక్ పూర్తయ్యేదాకా రెండోది తీయకండి.