కారు ఎంచుకోవడానికి ల్యాప్ టైమ్‌లు ఎంతవరకు పనికొస్తాయి? నాలుగు సీజన్ల వాడకం తర్వాత సమీక్ష

ఔత్సాహిక టైమ్ ట్రయల్స్ (ఒక్కొక్కరి బెస్ట్ ల్యాపు టైమ్‌తో గెలుపు తేల్చే పోటీలు) కోసం కారు కొనాలనుకునే ఎవరైనా ముందు తిరగేసేది ల్యాప్ టైమ్‌ల జాబితానే, అంటే ఏ కారు ట్రాక్‌ని ఒక చుట్టు ఎంతసేపట్లో తిరిగిందో చెప్పే పట్టిక. ఒకే ట్రాక్, ఒకే ప్రారంభ గీత, మిల్లీసెకన్ల దాకా అంకె. ఇంతకంటే నిక్కచ్చి కొలత ఇంకేముంటుంది అనిపిస్తుంది. నాలుగు సీజన్లుగా ఈ జాబితాలనీ, కారులో పెట్టుకున్న జీపీఎస్ టైమర్ రికార్డులనీ పక్కపక్కన పెట్టి చూస్తూ వచ్చాక నాకు తేలింది ఇది: జాబితాలో కనిపించే అంకెలో కారు వాటా కొంతే. టైరు, డ్రైవరు, ఆ పూట ఎండ, తీసుకున్న ఆ ఒక్క ల్యాపు అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీసి చదవగలిగితే జాబితా చాలా ఉపయోగం. విడదీయకుండా నమ్మితే మనకు నప్పని కారు కొనిపిస్తుంది.

ముందు ట్రాక్ పొడవు సంగతి. జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ ట్రాక్ మీద హోండా సివిక్ టైప్ ఆర్ 2017లో చేసిన టైమ్ 7:43.80. తర్వాతి తరం టైప్ ఆర్ 2023లో చేసింది 7:44.881. అంకెలు మాత్రమే చూస్తే కొత్త కారు ఒక సెకను నెమ్మది. కానీ మొదటిది 20.6 కి.మీ. మీద కొలిచింది, రెండోది 20.832 కి.మీ. పూర్తి ల్యాపు. పాత పద్ధతిలో టీ13 గ్యాలరీ ముందున్న చిన్న స్ట్రెయిట్‌ని కంపెనీలు లెక్కలోంచి వదిలేసేవి. ఆ ముక్క విలువెంతో 2021 పోర్షా 911 జీటీ3 రికార్డులో తెలుస్తుంది. పూర్తి ల్యాపు 6:59.927 అయితే, పాత కొలత ప్రకారం అంతకంటే సుమారు నాలుగున్నర సెకన్లు తక్కువ. ఆ నాలుగున్నర తీసేస్తే కొత్త టైప్ ఆర్ పాతదానికంటే మూడు సెకన్లకు పైగానే ముందుంది. అందులోనూ టైరు వాటా వేరే ఉంది. 2023 టైమ్ ట్రాక్ కోసం చేసిన మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2 కనెక్ట్ టైర్ల మీద వచ్చింది. ఆ కారుకి మామూలుగా వచ్చేవి పైలట్ స్పోర్ట్ 4ఎస్.

సెకన్ల తేడాని ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కి మోసుకెళ్లకూడదు, శాతంలోకి మార్చుకోవాలి. పైన చెప్పిన జీటీ3కీ కొత్త టైప్ ఆర్‌కీ తేడా దాదాపు 45 సెకన్లు, అంటే 10.7 శాతం. మీ ట్రాక్‌లో ల్యాపు నిమిషంన్నర అయితే అది తొమ్మిదిన్నర సెకన్లు అవుతుంది. అదీ పైపై అంచనాయే, ఎందుకంటే నార్డ్‌ష్లైఫ వేగంగా పోయే ట్రాక్. ఆ ల్యాపులో టైప్ ఆర్ సగటు వేగమే గంటకు 161 కి.మీ. మీరు పోటీపడే ట్రాక్‌లో సగటు 105 ఉంటే, అక్కడ ఇంజన్ బలానికి దక్కే లాభం తగ్గుతుంది, బరువు తక్కువైన కారుకి పెరుగుతుంది. అందుకే జాబితా తెరిచిన వెంటనే పొడవుని టైమ్‌తో భాగించి సగటు వేగం చూస్తాను. మన ట్రాక్ సగటుకి పది పన్నెండు కి.మీ. అటూ ఇటూగా లేని జాబితాని పక్కన పెట్టేయడమే మంచిది. కార్ అండ్ డ్రైవర్ పత్రిక 2006 నుంచి అమెరికాలోని వర్జీనియా ఇంటర్నేషనల్ రేస్‌వేలో 4.1 మైళ్ల ఒకే మార్గం మీద నడుపుతున్న జాబితా అంటే నాకు గౌరవం. మార్గం మారదు, కార్లని ధర తరగతులుగా విడదీస్తారు. అయినా వేర్వేరు ఏళ్ల టైమ్‌లని సెకను లోపు తేడాతో పోల్చడానికి అదీ పనికిరాదు.

ఇక టైరు. జాబితాలు చదివేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే కాబట్టి లెక్క వేసి చూద్దాం. 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న 90 డిగ్రీల మలుపు తీసుకోండి. టైరు 1.0 జీ పట్టు (కారు బరువుకి సమానమైన పక్క బలం) ఇస్తే ఆ మలుపులో వేగం గంటకు సుమారు 80 కి.మీ. దాటదు. 1.1 జీ ఇస్తే దాదాపు 84. మలుపు పొడవు 78 మీటర్లు. మొదటి టైరు దాన్ని 3.55 సెకన్లలో దాటితే రెండోది 3.38లో దాటుతుంది. ఒక్క మలుపులో 0.17 సెకను. అలాంటి మలుపులు పది ఉంటే 1.7 సెకన్లు. బయటికొచ్చేటప్పుడు ఉన్న ఆ నాలుగు కి.మీ. ఎక్కువ వేగం తర్వాతి స్ట్రెయిట్ పొడవునా ఇచ్చే లాభం దీనిమీద అదనం. ఒకే తరగతి కార్ల మధ్య జాబితాలో కనిపించే తేడా చాలాసార్లు ఇంతకంటే తక్కువే ఉంటుంది.

అందుకే కారు పేరు పక్కన టైరు పేరు, సైజు రాయని టైమ్‌కి నా దగ్గర విలువ లేదు. అమెరికాలో టొయోటా జీఆర్86 బేస్ మోడల్ 17 అంగుళాల మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ టైర్లతో, ప్రీమియం మోడల్ 18 అంగుళాల పైలట్ స్పోర్ట్ 4 టైర్లతో మార్కెట్లోకి వచ్చింది. ఇంజన్ అదే, ఛాసిస్ అదే, ట్రాక్ మీద మాత్రం రెండు వేర్వేరు కార్లు. పోటీకి ఎలాగూ టైర్లు మారుస్తాం కాబట్టి, ఆ రెంటిలో ఏ టైమ్ చూసినా మనం నడపబోయే కారు టైమ్ కాదు.

టైరు పక్కన అచ్చయ్యే 200 ట్రెడ్‌వేర్ అంకెని (టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె) కూడా గుడ్డిగా నమ్మొద్దు. ఆ అంకెని కంపెనీలు తామే పరీక్షించి వేసుకుంటాయి. ఒకే 200 కింద యోకోహామా అడ్వాన్ ఏ052 ఉంది, హాంకూక్ వెంటస్ ఆర్ఎస్4 ఉంది. మొదటిది వేడెక్కగానే ఒకటి రెండు ల్యాపుల్లో తన బెస్ట్ ఇచ్చేసి, తర్వాత వేడికి జారడం మొదలుపెడుతుంది. రెండోది అంత వేగం ఇవ్వదు, కానీ సెషన్ పొడవునా ఒకేలా నిలుస్తుంది. టైమ్ ట్రయల్‌లో లెక్కలోకొచ్చేది బెస్ట్ ల్యాపు కాబట్టి పోటీకి మొదటి రకం సరైనది. రెండు కార్లని పోల్చడానికి, నేర్చుకోవడానికి రెండోదే మేలు.

వాతావరణం ప్రభావం సూటిగా లెక్కకి వస్తుంది. ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీలకి పెరిగితే గాలి సాంద్రత సుమారు 8 శాతం తగ్గుతుంది. టర్బో లేని ఇంజన్ బలమూ ఇంచుమించు అంతే పడిపోతుంది. సముద్రమట్టం నుంచి వెయ్యి మీటర్ల ఎత్తులో గాలి పీడనం 11 శాతం తక్కువ. టర్బో ఇంజన్ ఎత్తు వల్ల వచ్చే నష్టాన్ని చాలావరకు పూడ్చుకుంటుంది కానీ ఎండకి వేరే విధంగా దెబ్బతింటుంది. రెండు మూడు ల్యాపులయ్యేసరికి ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) వేడెక్కి, లోపలికెళ్లే గాలి వేడెక్కి, ఇంజన్ కంప్యూటర్ ఇగ్నిషన్‌ని వెనక్కి లాగి బలం తగ్గిస్తుంది. జాబితాలోని టైమ్ సాధారణంగా చల్లటి పూట, మొదటి మంచి ల్యాపులో తీసింది. అందుకే టర్బో కారు టైమ్‌ని మండు వేసవి సెషన్‌కి అన్వయించుకునేటప్పుడు దానికి కొంచెం కలిపి చూసుకుంటాను.

నాకు అన్నిటికంటే ఉపయోగపడిన కొలత ఏ జాబితాలోనూ ఉండదు. అది సెషన్ మొదలైన పదో నిమిషంలో కారు చేసే టైమ్. ఇరవై నిమిషాల సెషన్‌లో ల్యాపు రెండు నిమిషాలైతే ట్రాక్‌లోకి వెళ్లే ల్యాపు, బయటికొచ్చే ల్యాపు పోగా చేతికొచ్చేవి ఎనిమిది. అందులో అడ్డం వచ్చిన కార్లు, ప్రమాద హెచ్చరికగా ఊపే పసుపు జెండాలు పోతే నాలుగో ఐదో మిగులుతాయి. బెస్ట్ ల్యాపే లెక్క అయినా, ఖాళీ దొరికిన ఆ ల్యాపు ఆరోదో ఏడోదో కావచ్చు. అప్పటికి కారు చేతులెత్తేసి ఉంటే జాబితాలోని టైమ్ ఎందుకూ కొరగాదు.

చేతులెత్తేసేది ఎక్కువగా బ్రేకుల దగ్గర. 1,060 కిలోల మాజ్దా ఎంఎక్స్-5ని గంటకు 180 నుంచి 80కి తెస్తే బ్రేకులు మింగాల్సిన శక్తి సుమారు 1.06 మెగాజౌల్స్. 1,430 కిలోల టైప్ ఆర్ అదే స్ట్రెయిట్ చివర 198కి చేరుతుందనుకుంటే, దాన్ని 80కి తేవడానికి 1.8 మెగాజౌల్స్. బరువు 35 శాతం ఎక్కువైతే బ్రేకుల మీద భారం 70 శాతం పెరిగింది. కారుతో వచ్చిన ప్యాడ్‌లు, మామూలు డాట్ 4 బ్రేక్ ఆయిల్‌తో ఇది నాలుగో ల్యాపుకల్లా పెడల్‌లో తెలుస్తుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ మరుగు స్థానం కనీసం 230 డిగ్రీలు ఉంటే చాలు, తేమ పట్టాక 155కి దిగొచ్చు. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటిది కొత్తలో 312 డిగ్రీలు తట్టుకుంటుంది.

పెడల్ లోపలికి పోవడం మొదలైతే కాలు తనంతట తనే ముందుగా నొక్కుతుంది. దాని ఖరీదు ఎంతో చూడండి. పది మీటర్లు ముందు బ్రేక్ వేస్తే, సెకనుకి 50 మీటర్ల వేగంతో 0.2 సెకనులో దాటాల్సిన ఆ పది మీటర్లని మలుపు వేగంతో 0.45 సెకనులో దాటుతాం. ఒక్క చోట పావు సెకను పోయింది. గట్టిగా బ్రేక్ వేసే చోట్లు మూడుంటే ల్యాపుకి ముప్పావు సెకను. మలుపులో లోపలి చక్రాన్ని బ్రేక్‌తో పట్టి తిప్పే వ్యవస్థ ఉన్న కార్లలో ప్యాడ్‌లు ఇంకా త్వరగా కాలుతాయి. కొనేముందు దాన్ని పూర్తిగా ఆపే వీలుందో లేదో మాన్యువల్‌లో చూసుకోవాలి.

జీపీఎస్ టైమర్ గురించి. ఫోన్‌లోని జీపీఎస్ సాధారణంగా సెకనుకి ఒక్కసారి స్థానం చెబుతుంది. 180 వేగంలో అది 50 మీటర్లకి ఒక చుక్క. మధ్యలోదంతా యాప్ ఊహించేదే. 25 హెర్ట్జ్ (సెకనుకి 25 సార్లు చెప్పే) పెట్టెలో రెండు మీటర్లకి ఒక చుక్క పడుతుంది. కార్లు పోల్చాలంటే 10 హెర్ట్జ్‌కి తక్కువ తీసుకోవద్దు. పెట్టెని ఆకాశం బాగా కనిపించేలా డ్యాష్‌బోర్డు ముందు అంచున కానీ, పైకప్పు మీద కానీ పెట్టాలి. ప్రారంభ గీతని స్ట్రెయిట్ మీద పెట్టుకోవాలి, బ్రేక్ వేసే చోట కాదు. అక్కడ వేగం ల్యాపు ల్యాపుకీ మారుతుంది కాబట్టి చిన్న స్థాన దోషం కూడా టైమ్‌లోకి చేరుతుంది. ట్రాక్‌ని విడగొట్టిన ముక్కల్లో, అంటే సెక్టార్లలో, బెస్ట్‌లని కూడి యాప్ చూపించే ఊహా ల్యాపుని కారుకి ఆపాదించొద్దు. ఒక సెక్టార్ చివర మరీ ఆలస్యంగా బ్రేక్ వేసి గెలిచిన సెకనులో పదో వంతు, తర్వాతి సెక్టార్ మొదట్లో పోగొట్టుకున్నదే అయ్యుంటుంది.

రెండు కార్లు ఒకే రోజు దొరికితే జాబితాల అవసరమే లేదు. మొదటి కారు, రెండో కారు, మళ్లీ మొదటి కారు, ఈ వరసలో నడపాలి. మొదటి కారు రెండు పరుగుల మధ్య వచ్చిన మార్పు ట్రాక్‌ది, డ్రైవరుది. దాన్ని తీసేశాక మిగిలిందే కార్ల తేడా. రెంటిలో ఒకే రకం టైర్లు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. పెట్రోలు లీటరు ముప్పావు కిలో, కాబట్టి నిండిన 50 లీటర్ల ట్యాంకుకీ ఖాళీ ట్యాంకుకీ 37 కిలోల తేడా. రెంటిలో సగం ఉంచడం తేలిక. మూడో వంతు కంటే తక్కువైతే పొడవాటి మలుపుల్లో పెట్రోలు ఒక పక్కకి పోయి ఇంజన్ తడబడే కార్లున్నాయి. టైర్లలో గాలి ఒత్తిడిని టైర్లు చల్లగా ఉన్నప్పుడు కాదు, ట్రాక్ దిగగానే వేడి మీద కొలిచి రెండు కార్లలోనూ సరిచేయాలి. చల్లగా 28 పీఎస్ఐ పెట్టిన టైరు 34 దాకా పోవడం మామూలే, బరువైన కారులో ఇంకా పెరుగుతుంది. రెండు ల్యాపులు వేడెక్కించడానికి, మూడు టైమ్ కోసం, ఒకటి చల్లారడానికి. ఆ మూడు టైమ్‌లలో అన్నిటికంటే తక్కువదీ ఎక్కువదీ వదిలేసి, మధ్యది తీసుకోవాలి.

ఆ మూడు ల్యాపుల మధ్య తేడా కూడా రాసి పెట్టుకోండి. ఒక కారు 1:42.3, 1:43.8, 1:44.5 ఇచ్చి, ఇంకోటి 1:42.9, 1:43.0, 1:43.4 ఇచ్చిందనుకుందాం. జాబితా మొదటిదాన్ని పైన పెడుతుంది. నేనైతే రెండోదాన్ని కొంటాను. ప్రతి ల్యాపూ బెస్ట్‌కి దగ్గరగా ఇచ్చే కారులో, ఎక్కడ బ్రేక్ మార్చితే ఎంత వచ్చిందో రికార్డులో స్పష్టంగా కనిపిస్తుంది. రెండు సెకన్లకు పైగా ఊగే కారులో మన మార్పు వల్ల వచ్చిన రెండు పదో వంతులు ఆ ఊపులో మునిగిపోతాయి.

చివరికి టైమ్ పోల్చాల్సింది మన తరగతిలోని కార్లతోనే. బలానికి బరువు నిష్పత్తితో తరగతులు కట్టే చోట ఎక్కువ హార్స్‌పవర్ కారు ఎక్కువ హార్స్‌పవర్ కార్ల మధ్యనే నిలబడుతుంది. నిబంధనల్లో టైరు వెడల్పు, క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) సర్దే ప్లేట్లు, స్ప్రింగులు ఏవి అనుమతిస్తారో ముందు చదివి, తర్వాత జాబితా చూడాలి. ఎంఎక్స్-5 ముందు డబుల్ విష్‌బోన్ రకం సస్పెన్షన్ ఉంటుంది, ఉన్న బోల్టులతోనే క్యాంబర్ కొంత సర్దుకోవచ్చు. జీఆర్86 ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్ రకం సస్పెన్షన్. అక్కడ క్యాంబర్ బోల్టులు కానీ ప్లేట్లు కానీ వేయకపోతే ముందు టైర్ల బయటి అంచు ముందుగా అరిగిపోతుంది. నిబంధనలు వాటిని ఒప్పుకోకపోతే ఆ కారు మంచి ల్యాప్ టైమ్ కాగితం మీదే మిగులుతుంది. ఎంఎక్స్-5 వైపు మొగ్గేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. పైకప్పు తెరుచుకునే కార్లకి చాలామంది నిర్వాహకులు రోల్ బార్ (కారు బోల్తాపడితే తలని కాపాడే ఉక్కు కమ్మీ) అడుగుతారు. హెల్మెట్ పెట్టుకుని సీట్లో బెల్టుతో కూర్చున్నప్పుడు తల ఆ బార్ కంటే కిందికి ఉండాలి. పొడవాటి మనిషికి సీటు దించితే తప్ప ఇది కుదరదు. కాబట్టి బేరానికి ముందే హెల్మెట్ వెంట తీసుకెళ్లి ఒకసారి కూర్చుని చూడండి.