ఎడిన్‌బరోలో పాత సింగిల్ గ్రెయిన్: 19 పౌండ్లకు సీసా అడుగు మందు

రాయల్ మైల్ మీద ఒక బార్‌లో ముప్పై ఏళ్లు దాటిన సింగిల్ గ్రెయిన్ విస్కీకి (సింగిల్ అంటే ఒకే ధాన్యమని కాదు, ఒకే డిస్టిలరీదని) 25 మి.లీ. ధర 19 పౌండ్లు. మన చిన్న పెగ్గు కన్నా 5 మి.లీ. తక్కువ. ధర సంగతి అలా ఉంచండి, సీసాలో రెండు వేళ్ల మందు కూడా లేదు. మూత ఎప్పుడు తీశారో పోసే కుర్రాడికి తెలియదు. గ్లాసులో తీపి తప్ప వాసనే లేదు. గ్రెయిన్ తేలిక సరుకు, సీసాలో మందు కన్నా గాలి ఎక్కువై నెలల తరబడి కూర్చుంటే ముందు పోయేది పరిమళమే. సగానికి పైన ఉన్న సీసా అయితేనే పోయించుకోండి. చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు.

ఈ విస్కీని గోధుమ లేదా మొక్కజొన్నతో, కొంత మొలకెత్తించిన బార్లీ కలిపి, కాలమ్ స్టిల్‌లో, అంటే ఆగకుండా బట్టీ పట్టే నిలువు స్తంభంలో, దించుతారు. 94.8 శాతం ఆల్కహాల్ దాకా దించే వీలుంది కాబట్టి ధాన్యం రుచి పెద్దగా మిగలదు, మిగతా పనంతా పీపాదే. పదేళ్లకు ఇంకా వార్నిష్ ఘాటు కొట్టేది, అమెరికా విస్కీ బర్బన్ నిల్వ చేసిన పాత పీపాలో ముప్పై ఏళ్లుంటే కొబ్బరి లౌజులా తయారవుతుంది. అదే షెర్రీ అనే స్పెయిన్ వైన్ తాలూకు కొత్త పీపాలో అన్నేళ్లుంటే చెక్క చేదు. అందుకే లేబుల్ మీద వయసు కన్నా ముందు పీపా రకం చదవాలి. తర్వాత ఆల్కహాల్ శాతం. పీపాలో మందు ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది, బలమూ తగ్గుతూ వస్తుంది. ఆ బలం 40 శాతం కన్నా దిగితే దాన్ని స్కాచ్ అనకూడదు. 41, 42 దగ్గర సీసాకెక్కిందంటే ఆ గీత దాటకముందే తొందరపడి పీపాలోంచి తీశారేమో, రుచి చూడకుండా కొనొద్దు.

ఈ సరుకులో ఎక్కువ భాగం బ్లెండ్లలో, అంటే రకరకాల విస్కీలు కలిపి చేసే సీసాల్లో, కలిసిపోతుంది. విడిగా దొరికేది చాలావరకు పీపాలు కొని తమ పేరుతో సీసాల్లో నింపే ఇండిపెండెంట్ బాట్లర్ల దగ్గరే. కానన్‌గేట్‌లో కేడెన్‌హెడ్స్ దుకాణం తప్పక చూడాలి, ఆ సంస్థ 1842 నాటిది. లీత్ పేటలోని స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ అనే క్లబ్ నింపే సీసాల మీద డిస్టిలరీ పేరుండదు, సంకేతం ఉంటుంది: జి1 నార్త్ బ్రిటిష్, జి3 కాలెడోనియన్, జి8 కాంబస్. చివరి రెండూ మూతపడ్డాయి, కాలెడోనియన్ 1988లో, కాంబస్ 1993లో.

బస హేమార్కెట్ వైపు తీసుకుంటే ట్రామ్, రైలు రెండూ దగ్గర. ఆగస్టు ఫెస్టివల్ నెలలో మాత్రం గదుల ధరలు చూస్తే కళ్లు తిరుగుతాయి. 1855 నాటి కాలెడోనియన్ డిస్టిలరీ చిమ్నీ హేమార్కెట్ దగ్గరే ఫ్లాట్ల మధ్య నిలబడి ఉంది, టికెట్ లేదు. వెంట వచ్చినవాళ్లు కోట చూద్దామని గొణిగినా పది నిమిషాలు ఆపండి. గోర్గీలో నార్త్ బ్రిటిష్ ఇంకా నడుస్తోంది కానీ సందర్శకులను రానివ్వరు, వీధిలో ఉడికిన ధాన్యం వాసనతో సరిపెట్టుకోవాలి.

కొనేటప్పుడు లెక్క చూసుకోండి. హైదరాబాద్‌లో దిగితే సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లే. అక్కడి సీసా 700 మి.లీ., మూడు తెస్తే 2.1 అవుతుంది. రెండు పెద్దవి, ఒక అర లీటరుది సరి. సీలు తీయకుండా చెక్-ఇన్ పెట్టెలో సర్దాలి. వ్యాట్ వెనక్కిస్తారని ఎవరైనా చెబితే నమ్మొద్దు, 2021 నుంచి ఆ సదుపాయం లేదు. దుకాణాల్లో మందు ఉదయం 10 నుంచి రాత్రి 10 వరకే అమ్ముతారు, తెల్లవారుజామున విమానమైతే ముందురోజే కొనేయాలి.