క్యూజీఐఎస్‌లో వింత కోఆర్డినేట్ సిస్టమ్‌లు: వాలిడేట్ బటన్‌ని నమ్ముకోకండి

యూటీఎమ్ జోన్లతో (ప్రపంచమంతా వాడే మీటర్ల గ్రిడ్), డిగ్రీలతో పని జరిగిపోయేవాళ్లకి క్యూజీఐఎస్ (మ్యాప్‌లు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్) గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. డేటా అడుగుల్లోనో గ్రాడ్‌లలోనో (ఇదో కోణాల కొలత) వచ్చినప్పుడు, అంకెలు దక్షిణానికి పెరుగుతున్నప్పుడు, ఒక్క కట్టడం కోసం గీసుకున్న సొంత గ్రిడ్‌లో ఉన్నప్పుడు తెలుస్తుంది దీని సత్తా. సత్తా ఉన్న మాట నిజమే. కాకపోతే మనం తప్పు అంకె ఇస్తే కిమ్మనకుండా తప్పు మ్యాప్ గీసి పెడుతుంది.

సొంత కోఆర్డినేట్ సిస్టమ్‌ని (స్థలాన్ని అంకెలతో చెప్పే పద్ధతి, పొట్టిగా సీఆర్‌ఎస్) ఆప్షన్స్‌లో 'యూజర్ డిఫైన్డ్ సీఆర్‌ఎస్' దగ్గర చేర్చాలి (పాత వెర్షన్లలో సెట్టింగ్స్ మెనూలో 'కస్టమ్ ప్రొజెక్షన్స్'). రాయడానికి రెండు పద్ధతులు: డబ్ల్యూకేటీ (వివరాలన్నీ విడమర్చి రాసే టెక్స్ట్), ప్రోజ్ స్ట్రింగ్ (అవే వివరాలు పొట్టి కోడ్‌లలో). ఒక్క లైనుతో అయిపోతుందని చాలామంది రెండోదాని వైపే పోతారు. దెబ్బ తినేదీ అక్కడే.

ఉదాహరణకి ఈపీఎస్‌జీ:2263 (ఈపీఎస్‌జీ అంటే కోఆర్డినేట్ సిస్టమ్‌లకి నంబర్లిచ్చే జాబితా), అంటే న్యూయార్క్ లాంగ్ ఐలండ్ స్టేట్ ప్లేన్, అమెరికా రాష్ట్రాల సర్వే గ్రిడ్‌లలో ఒకటి. యూనిట్ యూఎస్ సర్వే అడుగు. ఫాల్స్ ఈస్టింగ్ (అంకెలు మైనస్‌లోకి పోకుండా తూర్పు విలువలకి కలిపే అంకె) 984250 అడుగులు, సరిగ్గా 300000 మీటర్లు. ప్రోజ్ స్ట్రింగ్‌లో యూనిట్స్ దగ్గర యూఎస్-ఎఫ్‌టీ అని రాసినా సరే, ఎక్స్_0 (ఫాల్స్ ఈస్టింగే) విలువ మీటర్లలోనే ఇవ్వాలి. అక్కడ 984250 కొట్టారా, డేటా అంతా పడమరకి దాదాపు 684 కిలోమీటర్లు జరిగిపోతుంది. కొత్త డబ్ల్యూకేటీ2లో ఈ తికమక లేదు, ఫాల్స్ ఈస్టింగ్ పక్కనే దాని యూనిట్ కూడా రాసి ఉంటుంది. 'వాలిడేట్' నొక్కితే మాత్రం తప్పుదీ ఒప్పే అంటుంది, ఎందుకంటే అది చూసేది రాత పద్ధతిని, అంకెల్ని కాదు.

684 కిలోమీటర్లు జరిగితే ఎవరికైనా కనిపిస్తుంది. భయపడాల్సింది కనిపించని తప్పుకి. యూఎస్ సర్వే అడుగు 1200/3937 మీటర్, అంతర్జాతీయ అడుగు 0.3048 మీటర్. తేడా పది లక్షల్లో రెండు వంతులే. అయినా అదే 2263 డేటాని యూఎస్-ఎఫ్‌టీ బదులు ఎఫ్‌టీగా చదివిస్తే సెంట్రల్ మెరిడియన్ (గ్రిడ్ మధ్య రేఖాంశం) దగ్గరే 60 సెంటీమీటర్లు తప్పుతుంది. మ్యాప్ మీద రోడ్డు రోడ్డులాగే ఉంటుంది, హద్దు రాయి మాత్రం పక్కవాళ్ల స్థలంలో తేలుతుంది. 2022 చివరితో అమెరికాలో సర్వే అడుగుకి అధికారికంగా చెల్లు చెప్పినా పాత డేటా నిండా అదే. ఇవేవీ కాని యూనిట్ అయితే టు_మీటర్ విలువ ఇవ్వండి, గంటర్ చెయిన్‌కి 20.1168.

కోణాలదీ ఇదే గోల. పాత ఫ్రెంచ్ లాంబర్ట్ జోన్లు (ఈపీఎస్‌జీ:27572 లాంటివి) గ్రాడ్‌లలో నిర్వచించారు, చుట్టుకి 400. ప్రోజ్ స్ట్రింగ్‌కి డిగ్రీలే కావాలి కాబట్టి 52 గ్రాడ్‌లని 46.8 అని రాయాలి. పైగా సున్నా రేఖాంశం పారిస్‌ది. పీఎమ్ దగ్గర పారిస్ అని ఇవ్వడం మరిచిపోతే గ్రీనిచ్ నుంచి లెక్కపెట్టి సుమారు 178 కిలోమీటర్లు పడమరకి తోసేస్తుంది.

డేటమ్ (కోఆర్డినేట్‌లకి ఆధారంగా తీసుకున్న భూమి నమూనా) మార్పుకి ఏడు పారామీటర్లు (మూడు జరుపులు, మూడు రొటేషన్లు, ఒక స్కేల్) ఇచ్చేటప్పుడు రొటేషన్ల గుర్తులు చూసుకోండి. ప్రోజ్ స్ట్రింగ్‌లో ఆ ఏడూ రాసే చోటైన టుడబ్ల్యూజీఎస్84 కోరేది పొజిషన్ వెక్టర్ పద్ధతి. మీ చేతిలో ఉన్న కాగితం కోఆర్డినేట్ ఫ్రేమ్ పద్ధతిదైతే మూడు రొటేషన్లకీ ప్లస్, మైనస్ తిప్పాలి. రొటేషన్లు ఆర్క్ సెకండ్లలో, స్కేల్ పీపీఎమ్‌లో (పది లక్షల్లో వంతులు). 'బాల్‌పార్క్' (ఉజ్జాయింపు) అన్న హెచ్చరిక వస్తే డేటమ్ మార్పు అసలు జరగలేదని అర్థం, దాన్ని మూసేసి ముందుకెళ్లకండి.

ఇన్ని చిక్కులకీ అదే విండోలో ఉన్న టెస్ట్ భాగం చాలు. ఖచ్చితంగా తెలిసిన కంట్రోల్ పాయింట్ అక్షాంశం, రేఖాంశం ఇచ్చి 'కాల్క్యులేట్' నొక్కి, వచ్చిన అంకెల్ని సర్వే అంకెలతో పోల్చండి. ఒక్క పాయింట్‌తో ఆపొద్దు. జరుగుడు ఒకదానితో తెలుస్తుంది, స్కేల్ తప్పు తెలియాలంటే దూరంగా ఉన్న రెండోది కావాలి.

చెకియా, స్లొవేకియాల సర్వే గ్రిడ్ క్రొవాక్ రెండు రూపాల్లో దొరుకుతుంది. ఈపీఎస్‌జీ:5513లో అంకెలు దక్షిణానికి, పడమరకి పెరుగుతాయి. 5514లో అవే తారుమారై మైనస్‌తో వస్తాయి. సర్వేయర్ ఇచ్చిన ప్లస్ అంకెల్ని 5514గా వాడాలంటే ఎక్స్, వైల స్థానాలు మార్చి రెండిటినీ -1తో గుణించాలి.

సొంత గ్రిడ్‌కి ప్రాసెసింగ్‌లోని 'అఫైన్ ట్రాన్స్‌ఫార్మ్' బాగా పనిచేస్తుంది. అది ముందు స్కేల్, తర్వాత రొటేషన్, ఆఖరున జరుపు చేస్తుంది, అదీ 0,0 చుట్టూ. అందుకే లక్షల్లో ఉన్న ఈస్టింగ్‌లకి 1.00015 లాంటి గ్రౌండ్ స్కేల్ (గ్రిడ్ దూరాన్ని నేల మీది దూరంగా మార్చే గుణకం) వేస్తే 500000 దగ్గర పాయింట్ 75 మీటర్లు ఎగిరిపోతుంది. ముందు సైట్ మూలని సున్నాకి తెచ్చుకుని అప్పుడు వేయండి.

అన్నీ సరిపోయాక లేయర్‌ని షేప్‌ఫైల్‌గా పంపకండి, కోఆర్డినేట్ సిస్టమ్ రాసుండే దాని పీఆర్‌జే ఫైల్‌లో టుడబ్ల్యూజీఎస్84 అంకెలు ఉండవు. జియోప్యాకేజ్‌గా పంపండి, పక్కన డబ్ల్యూకేటీని టెక్స్ట్ ఫైల్‌లో పెట్టండి.